వాన పడితే గరగరలాడే ఫోను లైను: పాత ముల్లు మీటరుతో ఏం తెలుస్తుంది?

వాన కురిసినప్పుడల్లా మీ ల్యాండ్‌లైనులో గరగరమనే శబ్దం వస్తోందనీ, డిజిటల్ మీటరు పెడితే మాత్రం 49 వోల్టులు సక్రమంగానే కనిపిస్తున్నాయనీ, ఇంట్లో ఉన్న పాత ముల్లు మీటరుతో ఏమైనా తెలుస్తుందా అనీ అడిగారు. తప్పక తెలుస్తుంది. గోదావరి డెల్టాలో ఇరవై ఆరేళ్లు టెలిఫోను లైన్లు బాగుచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మొదట ఆ 49 వోల్టుల సంగతి. రిసీవరు పెట్టి ఉన్నప్పుడు లైనులో కరెంటు పారదు. డిజిటల్ మీటరు కూడా దాదాపు ఏమీ లాగదు. అందువల్ల దారిలో ఒక జాయింటు చిలుము పట్టి వేల ఓంల నిరోధం పెట్టినా, ఎక్స్ఛేంజి బ్యాటరీ వోల్టేజి మొత్తం మీ చివరన కనిపిస్తుంది. వోల్టుల దగ్గరే ఆగితే ముల్లు మీటరూ ఇదే చెబుతుంది.

చేయవలసింది కరెంటు పరీక్ష. ఫోను తీసేసి, మీటరును 250 మిల్లీ ఆంపియర్ల డీసీ రేంజిలో ఉంచి, గోడకున్న ఫోను కనెక్షను పెట్టె, అంటే రోసెట్‌లోని రెండు తీగలకూ తాకించండి. అప్పుడు మీటరే ఫోను స్థానంలో ఉండి లూపును పూర్తి చేస్తుంది. ఎక్స్ఛేంజి దూరాన్ని బట్టి ముల్లు సాధారణంగా 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్ల మధ్య నిలుస్తుంది. నిలవడమే ముఖ్యం. జాయింటు చెడితే ముల్లు వణుకుతుంది, ఉన్నట్టుండి దిగజారి మళ్ళీ లేస్తుంది. డిజిటల్ మీటరులో అదే అంకెల గందరగోళంగా కనిపించి చదవడానికి చిక్కదు.

ఒకసారి కాలువ గట్టు వెంబడి వెళ్ళే లైనులో, ఒక పల్లెటూరి డాక్టరు గారి ఫోను సరిగ్గా మీ ఫోనులాగే ఇబ్బంది పెట్టింది. ఎండ కాసే మధ్యాహ్నం నాలుగు సార్లు వెళ్ళాను, నాలుగు సార్లూ అన్ని రీడింగులూ బాగున్నాయి. అయిదోసారి వాన కురుస్తుండగానే వెళ్ళి, ఆయన ఇంటి రోసెట్ దగ్గర నేను ముల్లును చూస్తూ ఉండగా, నా సహచరుడు స్తంభం తరువాత స్తంభం దగ్గర డ్రాప్ వైరును (స్తంభాల మీదుగా ఇంటికి వచ్చే తీగను) కర్రతో మెల్లగా కదుపుతూ వచ్చాడు. మూడో స్తంభం దగ్గర ముల్లు 28 నుంచి 11కు పడిపోయింది. టేపు విప్పితే లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. కోసి, శుభ్రమైన తీగతో మళ్ళీ మెలిపెట్టాక ముల్లు 29 దగ్గర కదలకుండా నిలిచింది. రోగులు అర్ధరాత్రి చేసే ఫోను అది. ఆ నాలుగు సార్లూ లైను బాగుందని రాసి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జాయింటు బాగుండి తీగలోకి తడి దిగితే అది ఎర్త్ ఫాల్టు, అంటే తీగలోని కరెంటు భూమిలోకి కారిపోవడం. దాన్ని ఓంల రేంజిలో, ఒక్కో తీగకూ భూమికీ మధ్య చూడాలి. అయితే ఎక్స్ఛేంజి వైపు తీగలను డిపి బాక్సు (ఎక్స్ఛేంజి నుంచి వచ్చే కేబులును ఇళ్ళ లైన్లుగా విడదీసే పెట్టె) దగ్గర విడదీశాకే చూడాలి. అది లైన్‌మన్ పని. బ్యాటరీ ఉన్న లైనుకు ఓంల రేంజిలో మీటరు పెడితే మీటరు పాడవుతుంది. ఫోను మోగే సమయంలో తీగల మధ్య దాదాపు 75 వోల్టుల ఏసీ ఉంటుంది కనుక వట్టి చేతులతో తీగలను ముట్టుకోకండి.

మీరు చేయగలిగింది ఇది: పొడిగా ఉన్న రోజున ఒకసారి, వాన పడుతుండగా ఒకసారి, ఇంటి లోపలి వైరింగును రోసెట్ నుంచి విడదీసి, బయటి నుంచి వచ్చే తీగలపై కరెంటు రీడింగు రాసుకోండి. ముల్లు వణికిందా, నిలిచిందా అన్నదీ పక్కనే రాయండి. ఆ కాగితాన్ని లైన్‌మన్‌కు చూపిస్తే, ఆయన వెతుకులాట ఇంటి బయటి నుంచే మొదలవుతుంది.