ఆ మాట మీరు అనకుండా ఉండాల్సింది

మీ ఐదేళ్ల పాపకు ఓ బొమ్మల పుస్తకం ప్రాణం. అందులో తండ్రీకూతుళ్లు అడవిలోకి షికారు వెళ్తారు. నాన్న మ్యాప్ తలకిందులుగా పట్టుకుని దారి తప్పుతాడు, టెంట్ వేయబోయి అందులోనే చిక్కుకుంటాడు, బురదలో జారిపడతాడు. పాప రోజూ రాత్రి మీవారి చేత అదే చదివించుకుని పడీ పడీ నవ్వేది. పోయిన వారం ఆయన దాన్ని తీసి బీరువా మీద పెట్టేశారు. తండ్రిని వెర్రివాడిగా చూపించే పుస్తకాలు పిల్లలకు మంచివేనా అని మీరు ఉత్తరంలో అడిగారు.

మంచివే. ఆ ప్రశ్న అక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. 'నేనూ నవ్వి, అచ్చం మీ నాన్నే కదే అన్నాను' అని. పుస్తకం బీరువా ఎక్కింది ఆ మర్నాడే. రెండూ మీరే రాశారు, కలిపి చూసుకోలేదు.

ఇలాంటి పుస్తకాల్లో తమాషా అంతా బొమ్మలోనే ఉంటుంది. చదివి వినిపించే పెద్దవాళ్ల కళ్లు అక్షరాల మీద ఉంటాయి, చదవడం రాని పిల్లల కళ్లు బొమ్మ మీద ఉంటాయి. బురదగుంట ముందు పాపకే కనిపిస్తుంది. పుస్తకంలోని నాన్న కంటే, తనను ఒళ్లో కూర్చోబెట్టుకున్న నాన్న కంటే తనకే ముందు తెలిసిపోయిందన్న సంబరం అది. రోజంతా పెద్దవాళ్లు చెప్పినట్టు నడుచుకునే పిల్లకు ఆ 32 పేజీల్లోనే తనది పైచేయి. ఆ నవ్వులో నాన్న మీద చులకన లేదమ్మా. మీ నవ్వులో ఉంది. అది ఆయనకు తెలిసింది.

'ఆయనకు పాపకి బూట్లు తొడగడం కూడా రాదు. ఒకసారి పార్కుకి తీసుకెళ్లి మోకాలు చీరుకుపోయేలా చేశారు, అప్పట్నుంచి నేనే తీసుకెళ్తున్నాను' అని కూడా రాశారు. అంటే ఆ తండ్రీకూతుళ్లకు కలిసి తిరగడానికి మిగిలింది ఆ కాగితాల అడవి ఒక్కటే. అక్కడికీ మీ వెక్కిరింత వెళ్లింది. భర్త మీద కోపం ఉంటే గది తలుపు వేసుకుని ఆయనతోనే పోట్లాడండి, తప్పు లేదు. పిల్లను సాక్షిగా నిలబెట్టి తండ్రిని తక్కువ చేయడం మాత్రం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. రేపు మీ విషయంలో ఆయన అదే పని చేస్తే మీరూ భరించలేరు.

పాప నిద్రపోయాక 'ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది' అని ఆయనతో చెప్పండి. 'కానీ మీరు కూడా...' అని మొదలుపెట్టకండి. పుస్తకం ఆయన చేత్తోనే దించనివ్వండి. ఈసారి ఆయన చదవడం కాదు, పాప చేత చెప్పించుకోమనండి. తర్వాత ఏమవుతుందని మధ్యమధ్యలో అడుగుతూ పిల్లల చేత కథ చెప్పిస్తే, ఊరికే చదివి వినిపించినప్పటి కంటే వాళ్లకు మాటలు బాగా వస్తాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే పరిశోధన చేసి చూపించింది. మాటల సంగతి అలా ఉంచండి, నాన్న తన మాట చెవి ఒగ్గి వింటున్నాడని పాపకు తెలుస్తుంది.

ఆదివారం ఇద్దర్నీ బయటికి పంపండి. మీరు వెళ్లొద్దు. బూట్లు తారుమారుగా తొడిగినా సర్దకండి, గంటకోసారి ఫోన్ చేయకండి. మోకాలు మళ్లీ గీరుకుంటే కడిగి మందు రాయడం ఆయనకూ వచ్చు. తిరిగొచ్చాక ఏం జరిగిందని పాపను పక్కకు పిలిచి ఆరా తీయకండి. ఆయన్నే అడగండి.