చుక్కలు లెక్కపెట్టించండి

ప్రశ్న: నా వయసు 27. మాది తెనాలి దగ్గర పల్లె. జపాన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లిష్ చెప్తున్నాను. దీపావళికి తెర మీద బొమ్మలు చూపించి చెబితే ఐదో తరగతి పిల్లలు నోరు విప్పలేదు. ఇప్పుడు భోగి రోజు సంక్రాంతి గురించి చెప్పమంటున్నారు. ఒకటే టెన్షన్. పండక్కి రావట్లేదని అమ్మ ఫోన్లో ముభావంగా ఉంటోంది. క్లాసు మధ్యలో ఏడ్చేస్తానేమోనని భయం.

జవాబు: చూడండమ్మా, ఆ పిల్లలకి మీ పండగ నచ్చలేదని అనుకోకండి. పదేళ్ల వయసు, రాని భాష, చేతిలో పనేమీ లేదు. ఈసారి పని ఇవ్వండి, ముగ్గు వేయించండి. 7 చుక్కలు, 4 వచ్చేవరకు, సందు చుక్క. నల్ల కాగితం, తెల్ల సుద్దముక్క. పెట్టిన ప్రతి చుక్కనీ ఇంగ్లిష్‌లో పైకి లెక్కపెట్టమనండి. సరిగ్గా పెడితే 37 వస్తాయి. ఎవరికైనా 36 వస్తే తప్పిన చుక్క ఎక్కడుందో పక్కవాళ్లే వెతుకుతారు. అక్కడ మొదలవుతాయి మాటలు.

రేగుపళ్లలో చిల్లర కలిపి పిల్లల తల మీద పోస్తామని చెప్పి, కొత్త సంవత్సరానికి మీకెవరు డబ్బులిస్తారని అడగండి. జనవరిలో పెద్దవాళ్లు చిన్న కవర్లలో పెట్టిచ్చే ఒటోషిదామా గురించి వాళ్లే చెబుతారు. అరిసెలు మాత్రం క్లాసు టీచర్‌ని అడగకుండా తీసుకెళ్లకండి. నువ్వులు పడని పిల్లలుండొచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ పట్టుకున్నది అమ్మ సంగతి. రాలేకపోతున్నానని మళ్లీ మళ్లీ సంజాయిషీ చెప్పకండి. ఆవిడని సాయం అడగండి. ధనుర్మాసం కదా, రోజూ వాకిట్లో ముగ్గు పెడుతూనే ఉంటారు. "అమ్మా, నీ చెయ్యి కనపడేట్టు వీడియో తీయించు, మా పిల్లలకి చూపిస్తాను" అనండి. బొటనవేలు, చూపుడువేలు మధ్యనుంచి పిండి సన్నగా, తెగకుండా జారడం ఆ పిల్లలు చూసి తీరాలి. అప్పుడు మీకు ఏడుపొస్తే రానివ్వండి. "ఇది మా అమ్మ చెయ్యి" అని ఇంగ్లిష్‌లో ఒక్క మాట చెప్పండి. పదేళ్ల పిల్లలకి ఆ మాట అర్థమవుతుంది.

క్లాసయ్యాక, పిల్లల ముఖాలు పడకుండా, ముగ్గుల్ని మాత్రం ఫొటో తీసి అమ్మకి పంపండి. మీకు ఉదయం 10 గంటలైతే మీ ఊళ్లో ఆరున్నర. భోగిమంట దగ్గర నిలబడి చూసుకుంటారు ఆవిడ.