పిల్లలకు క్రోన్స్ జబ్బు (పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) అని తేలితే వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెట్టాల్సిందేనా?

అక్కర్లేదు, పేగులో వాపు మరీ తీవ్రంగా లేని పిల్లల్లో చాలామందికి మొదటి చికిత్స 6 నుంచి 8 వారాల పాటు మామూలు తిండి మానిపించి, అన్ని పోషకాలూ ఉన్న ద్రవాహారం మాత్రమే ఇవ్వడం. వాపును అణచడంలో ఇది పిల్లల్లో స్టెరాయిడ్లకు తీసిపోదు. పైగా పేగు లోపలి పుండ్లు బాగా మానతాయి, బరువు పెరుగుతుంది. స్టెరాయిడ్లు పెద్దవాళ్లకంటే పిల్లలకు ఎక్కువ చేటు, ఎందుకంటే ఎదుగుదలను అడ్డుకుంటాయి, ఎముకలను బలహీనం చేస్తాయి.

ఉదాహరణకు, చిన్నపేగు చివర మాత్రమే వాపున్న 11 ఏళ్ల పాపకు ఈ ద్రవాహారం సరిపోవచ్చు. ఇంట్లో అందరూ భోంచేస్తుంటే తను గ్లాసుతో అదే ద్రవం తాగడం నిజంగా కష్టం. తాగలేకపోతే ముక్కు ద్వారా సన్నని ట్యూబ్ వేసి ఇస్తారు. అదే పాపకు మలద్వారం పక్కన ఫిస్టులా (పేగు నుంచి చర్మం దాకా ఏర్పడే అసహజమైన దారి) ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ మందును (జీవకణాల్లో తయారుచేసే, వాపు పుట్టించే ప్రొటీన్‌ను అడ్డుకునే మందు) మొదటి నుంచే ఇస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బయోలాజిక్ అంటే అన్నీ విఫలమయ్యాక వాడే ఆఖరి మందు అనుకుని టెన్షన్ పడతారు. ఫిస్టులా ఉన్నా, ఎదుగుదల బాగా కుంటుపడినా ఆలస్యం చేస్తేనే పేగు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అలాగే కడుపునొప్పి తగ్గితే జబ్బు పోయినట్టు కాదు. ద్రవాహారం ముగిశాక కూడా వాపు తిరగబెట్టకుండా మందులు కొనసాగించాలి.