పుష్పక్ విమానం ప్రొపెల్లర్ నేలకు తగిలింది. ఇంజను విప్పాల్సిందేనా?

విప్పాల్సిందే. ఇంజను ఆగకుండా తిరిగింది కాబట్టి ప్రొపెల్లర్ మార్చి, డయల్ గేజ్ (వంకరను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి చూస్తే చాలునని మీ మెకానిక్ అన్నారని రాశారు. ఆ ఒక్క మాటలో మాత్రం ఆయన్ని నమ్మకండి.

నేను ఫ్లయింగ్ క్లబ్బుల్లో ముప్పై ఏళ్లు ఇలాంటి విమానాలకు మరమ్మతులు చేసి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంతిగా ఉన్నాను. మీ మేనమామ గారి పుష్పక్ లాంటివి నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. హెచ్‌ఏఎల్ వారి ఈ చిన్న శిక్షణ విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. మొత్తం 160 దాకా తయారయ్యాయి. అందులో ఉండేది 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను. మధ్యలో గేరుబాక్సు ఉండదు, ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు ఫ్లాంజ్‌కే, అంటే పళ్లెం లాంటి కొసకే, బోల్టులతో బిగించి ఉంటుంది. గడ్డిలో గుంటలో చక్రం పడి, తోక లేచి, బ్లేడు కొస నేలను తాకిందన్నారు. ఆ క్షణంలో క్రాంక్ ముందు కొసను నేల పట్టి ఆపుతుంది. వెనక ఉన్న పిస్టన్లు, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు, వాటిని తిప్పే గేర్లు మాత్రం కదులుతూనే ఉంటాయి. తడి బట్టను రెండు చేతులతో పిండినట్టు షాఫ్ట్ మెలిపడుతుంది. డయల్ గేజ్ ఫ్లాంజ్ వంగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. మెలిపడటాన్నీ, పగులునూ అది పట్టలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే అనుభవమైంది. ఒక విద్యార్థి బ్రేకు గట్టిగా తొక్కేసరికి పుష్పక్ ముక్కు నేలను తాకింది. ఇంజను ఆగలేదు. డయల్ గేజ్ పెట్టి చూస్తే ముల్లు కదిలిందా లేదా అన్నట్టుంది. నేను సంతోషంగా లాగ్ బుక్కులో సగం వాక్యం రాసేశాను కూడా. మా పెద్దాయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి, జేబులో వేసుకున్నారు. "ఇంజను దించండి" అన్నారు, అంతే. క్రాంక్‌ను శుభ్రం చేసి, అయస్కాంతీకరించి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టారు. ముందు జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) పక్కన వంపు తిరిగే మూలలో, గోరంత పొడవున, పచ్చటి గీత వెలిగింది. దీపం ఆర్పి, మామూలు వెలుతురులో భూతద్దంతో వెతికితే ఆ చోట ఏమీ కనిపించలేదు. వేలితో తడిమినా నున్నగానే ఉంది.

ఇది మా పెద్దాయన చాదస్తమని అనుకోకండి. ఎగిరే ముందు ఇంజను పూర్తిగా విప్పి, తిరిగే భాగాలన్నిటినీ పరీక్షించాలని కాంటినెంటల్ వారి సర్వీసు బులెటినే చెబుతుంది. ఇంజను వేగం పడిపోయినా, బ్లేడుకు ఆకురాయితో చిన్నగా నునుపు చేయడానికి మించిన పని పడినా, దాన్ని ప్రొపెల్లర్ దెబ్బగానే లెక్కించాలి. మీ బ్లేడు కొస అంగుళం వంగిందంటున్నారు కాబట్టి ఇక చర్చ లేదు. చెక్క ప్రొపెల్లర్ అయితే విరిగి దెబ్బను కొంత తానే మింగేది. అప్పుడైనా విప్పక తప్పదు.

బ్లేడును విజయవాడ ఆటోనగర్‌లో తిన్నగా చేయించవచ్చా అని అడిగారు. మా బావమరిదికి అక్కడే క్రాంక్ గ్రైండింగ్ షాపు ఉంది. లారీ క్రాంక్‌ను అతను లేత్ మీద పెట్టి చూసుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకసారి వంగిన బ్లేడు ఒకటి అతనికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, గంటలో వంకర తీసిస్తాను. కానీ ఆ విమానం నువ్వు ఎక్కకు" అన్నాడు. అల్యూమినియం వంగిన చోటే పగుళ్లు పుడతాయి, వంకర తీస్తే అవి ముదురుతాయి. ఎంత కోణంలో, కొసకు ఎంత దూరంలో వంగితే బాగుచేయవచ్చో తయారీదారు హద్దులు పెట్టి ఉంటారు. అనుమతి ఉన్న ప్రొపెల్లర్ షాపు ఆ హద్దులు చూసి, రంగు ద్రవంతో పగుళ్లు వెతికి, అప్పుడు చెబుతుంది.

ప్రస్తుతానికి ఇంజనును ఎవరినీ చేత్తో తిప్పి చూడనివ్వకండి. మాగ్నెటో స్విచ్ తీగ తెగి ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజను అంటుకోగలదు. వంగిన కొసను ముందు నుంచీ పక్క నుంచీ ఫోటోలు తీయండి. ఒక్క ప్రొపెల్లర్‌కే దెబ్బ తగిలితే అంతర్జాతీయ నిబంధనల్లో అది ప్రమాదం కిందికి రాదు, సంఘటన కిందికి వస్తుంది. అయినా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలపాలి. బీమా సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టూ విప్పవద్దు. ఇంజను దించాక, దాన్ని మోసే మౌంట్ గొట్టాల అతుకుల దగ్గర రంగు చిట్లిందేమో, తోక చక్రం స్ప్రింగ్ సాగిందేమో చూడమనండి. లేచిన తోక కింద పడేటప్పుడు ఆ దెబ్బ కూడా చిన్నదేమీ కాదు.

పరీక్ష రిపోర్టు మీద క్రాంక్ సీరియల్ నంబరు ఉండేలా చూసుకోండి. క్రాంక్ పనికిరాదని తేలితే, దాన్ని మీ కళ్లముందే రంపంతో రెండు ముక్కలు చేయించండి. మేమూ మా క్రాంక్‌ను అలాగే కోశాం. పాత సామాన్ల షాపులో పడితే, రంగు వేసుకుని మరొకరి ఇంజనులోకి చేరుతుంది.