నేను చేసిన రోవర్‌ను మా పాప ముట్టుకోవడం లేదు

ప్రశ్న: మేడం, మాది మిర్యాలగూడ. వయసు 36, రైస్ మిల్లులో మెషిన్ ఆపరేటర్‌ను. మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. చంద్రయాన్ వీడియో చూసి 'డాడీ, మనం కూడా ఆ బండి చేద్దాం' అని అడిగింది. సరేనని ప్రజ్ఞాన్ రోవర్ లాంటిదే చేయడం మొదలుపెట్టాను. హైదరాబాద్ కోఠికి వెళ్లి ఆరు మోటార్లు, ఆర్డునో బోర్డు, కెమెరా అన్నీ తెచ్చాను, ఖర్చు 6 వేలు దాటింది. మూడు నెలలుగా రోజూ రాత్రి పది తర్వాత దాని ముందే కూర్చుంటున్నా. పాప టార్చి పట్టుకునేది. ఒకరోజు సోలార్ ప్యానెల్ నిండా వాళ్లమ్మ బొట్టుబిళ్లలు అంటించింది. నిజం రోవర్‌కు బొట్లు ఉండవు కదా, పడుకున్నాక తీసేశాను. ఇంకోరోజు వైరు లాగబోతే షాక్ కొడుతుందేమోనని చేతి మీద ఒకటి వేశాను. అప్పటినుంచి దాని దగ్గరికే రావట్లేదు. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవానికి స్కూల్లో ప్రదర్శన ఉంది, టీచర్ పాప పేరు కూడా రాసుకున్నారు. పాపేమో 'అది నీది, నువ్వే తీస్కపో' అంటోంది. మా ఆవిడ ముభావంగా ఉంటోంది. మా అమ్మ 'ఆడపిల్లకు బండ్లెందుకురా' అంటోంది. నేను తొమ్మిదో తరగతిలో బావిలో నీళ్లు అడుగంటితే గంట మోగే అలారం చేస్తే మా సార్ జిల్లా సైన్స్ ఫెయిర్‌కు పంపలేదు. నా బిడ్డకు అట్ల కావద్దు. పాపను ఎట్ల ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి తమ్ముడూ. ఈ ప్రదర్శనకు ఆ రోవర్‌తో పాపను పంపొద్దు. మీకు బాధ కలుగుతుందని తెలిసే ముందే చెబుతున్నా, ఎందుకంటే మీ దగ్గర రెండు వారాలే ఉన్నాయి, ఆ రెండు వారాలూ పాపను బతిమాలడానికో భయపెట్టడానికో వాడితే తర్వాత మీరు ఏం చేద్దామన్నా పాప మీ పక్కన కూర్చోదు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో పాప తనంతట తాను చేసిన పనులు మూడే ఉన్నాయి. చేద్దామని అడిగింది, బొట్లు అంటించింది, వైరు లాగబోయింది. మొదటిదానికి మీరు సంతోషించారు, రెండోదాన్ని తీసేశారు, మూడోదానికి చేయి చేసుకున్నారు. మిగతా మూడు నెలలూ పాప టార్చి పట్టుకుంది. మన ఇళ్లలో నాన్న ఫ్యూజు వేస్తున్నా స్కూటర్ బాగుచేస్తున్నా పిల్లల వంతుకు వచ్చేది టార్చే కదా. రెండు నిమిషాలకు వాళ్ల చెయ్యి నొప్పి పుడుతుంది, చూపు మన ముఖం మీదికి పోతుంది, వెలుగు పక్కకు జరుగుతుంది, మనం 'ఇక్కడ చూపించు' అని కసురుతాం. రాత్రి పదింటికి, నిద్ర కళ్లతో, ఆరేళ్ల పిల్లకు ఇంతకంటే కష్టమైన పని ఇంకోటి లేదు. తనకు ఆ రోవర్ ఎలా అనిపించి ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

బొట్టుబిళ్లల దగ్గర కాసేపు ఆగుదాం, ఈ గొడవంతా అక్కడే ఉంది. ఆ షీటు మీది చిన్న బిళ్లను గోటితో లేపి, అది వేలికే అతుక్కుపోతే ఇంకో వేలితో తీసి, కావలసినచోట పెట్టి నొక్కడం మనకు క్షణం పని. ఆరేళ్ల పిల్లకు ఒక్కో బిళ్లా ఒక్కో పెద్ద పని. ప్యానెల్ నిండా అంటించిందని రాశారు. అంటే ఎంతసేపు కూర్చుని ఉంటుంది? ఆ మూడు నెలల్లో రోవర్ మీద పాప చేసిన అసలైన పని అదే, బహుశా మీరు సోల్డరింగ్‌కు పెట్టినంత శ్రద్ధ పెట్టే చేసింది. పొద్దున లేచి చూసేసరికి ఒక్కటీ లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. తీసిన బిళ్లలు ఎక్కడ పడేశారో మీరు రాయలేదు గానీ, అవి పాప కంటపడే ఉంటాయని నాకనిపిస్తోంది. 'అది నీది' అని పాప అంటున్నది మొండితనంతో కాదు, ఉన్న మాట అంటోంది.

మీ ఇంట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు గుర్తు తెచ్చుకోండి. పిల్లలు తంగేడు పువ్వు ఉండాల్సిన వరసలో గునుగు తెచ్చి పెడతారు, అదీ వంకరగా. అమ్మ దాన్ని పీకి పడేయదు. పక్కన ఇంకో పువ్వు పెట్టి వరస సర్దుతుంది, ఆ బతుకమ్మే గుడి దగ్గరికి వెళ్తుంది, ఆ పిల్ల 'ఇది నేను పెట్టిన' అని ఊరంతా చూపిస్తుంది. మీ ఆవిడో మీ అమ్మో ఏటా మీ కళ్లముందే చేసే పని ఇది. రోవర్ దగ్గర మీకు అదెందుకు కష్టమైందో మీ ఉత్తరం చివరి వాక్యాల్లో ఉంది, దాని సంగతి తర్వాత చెబుతా.

ముందు దెబ్బ సంగతి. షాక్ కొడుతుందేమోనని కొట్టానన్నారు. రోవర్‌ను నడిపేది పెన్సిల్ సెల్లులే అయితే నాలుగు కలిపినా ఆరు వోల్టులు, అది షాక్ కొట్టదని మిల్లులో త్రీ ఫేజ్ మోటార్లతో పనిచేసే మీకు నాకంటే బాగా తెలుసు. మీరు భయపడింది కనెక్షన్ ఊడిపోతుందని. పాప కోసం కాక వైరు కోసం చెయ్యి లేచింది. దీన్ని మీరు మీతో ఒప్పుకుంటే చాలు, నాకు రాయక్కర్లేదు. నిజంగా ప్రమాదమైనవి వేరే ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ కొస మూడు వందల డిగ్రీలు దాటుతుంది, గ్లూ గన్ జిగురు చర్మానికి అంటుకుని కాలుస్తుంది, పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన లిథియం సెల్లు షార్ట్ అయితే మంట లేస్తుంది, సోల్డర్ తీగలో సీసం ఉండొచ్చు కాబట్టి పట్టుకున్న చేతులు కడుక్కోవాలి. రిమోట్‌లో నాణెంలాంటి సెల్లు వాడి ఉంటే దాని మూతకు స్క్రూ ఉండాల్సిందే, పిల్లలు అది మింగితే రెండు గంటల్లోనే ఆహార నాళం లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ఇవన్నీ పాప పడుకున్నాక తీసే పెట్టెలో పెట్టండి, తాళం వేయండి. అప్పుడు పాప ఉన్నప్పుడు 'ముట్టుకోకు' అనాల్సిన అవసరమే రాదు.

ఇప్పుడు ఆ అలారం గురించి. తొమ్మిదో తరగతి పిల్లవాడు బావి మోటారు ఊరికే తిరిగి కాలిపోకుండా గంట మోగేలా చేశాడంటే, బావులూ బోర్లూ ఎండిపోయిన మన నల్లగొండ జిల్లాలో అది ఎంత పనికొచ్చే వస్తువో ఆ సార్‌కు అర్థం కాలేదు. మీకు అన్యాయం జరిగింది. ఈ మాట అప్పట్లో మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే నేను చెబుతున్నా. కానీ ఆ అలారం చేసింది మీరు, ఆ బాధ మీది. ఈ రోవర్‌కు బొట్లు ఉండకూడదనీ, ప్యానెల్ నిజందానిలా నిలువుగా లేవాలనీ, ఆరు చక్రాలకూ ఆరు మోటార్లు ఉండాలనీ పట్టుబడుతున్నది ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు. నా కౌన్సెలింగ్ గదిలో ఒక బుట్టలో అట్టముక్కలు, టేపు, సీసా మూతలు పెడతాను, తల్లిదండ్రులనూ పిల్లలనూ దాని ముందు కూర్చోబెట్టి నేను మాట్లాడకుండా చూస్తుంటాను. పది నిమిషాలు తిరక్కుండానే పెద్దవాళ్ల చెయ్యి పిల్లల చేతిలోని అట్ట మీదికి వస్తుంది. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, ఓపికగలవాళ్లు అందరిదీ. మీరొక్కరే చేసిన తప్పని అనుకోకండి.

కాబట్టి ఆ రోవర్ మీది. ఆపొద్దు, పూర్తి చేయండి, మీ పేరు రాసుకోండి. మీ చేతి పని మంచిదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. పాపకు ఇంకోటి కావాలి, తను చేసేది.

దానికంటే ముందు మీరు ఒక మాట చెప్పాలి. నానమ్మ లేనప్పుడు, ఫోన్ పక్కన పెట్టి, కింద కూర్చుని, పాప కళ్ల ఎత్తుకు వచ్చి చెప్పండి: 'ఆ బొట్లు నువ్వు పెట్టినవి. నిన్ను అడగకుండా తీసేశాను. నిన్ను కొట్టాను కూడా. రెండూ తప్పే. ఇంకెప్పుడూ చెయ్యను.' అంతే, ఆపేయండి. 'కానీ నువ్వు కూడా వైరు లాగొద్దు కదా' అని తోక తగిలించకండి, ఆ 'కానీ' తర్వాత వచ్చేదే పిల్లలకు గుర్తుంటుంది. పాప వెంటనే వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తుందని ఎదురుచూడొద్దు. 'ఊఁ' అని బయటికి ఆడుకోవడానికి పోవచ్చు, పోనివ్వండి. రెండు మూడు రోజులు రోవర్ మాటే ఎత్తకండి.

తర్వాత ఒక ఆదివారం పగలు, రాత్రి మాత్రం వద్దు, ఒక చెప్పుల డబ్బా, కొబ్బరినూనె సీసా మూతలు, ఐస్‌క్రీం పుల్లలు, ఫెవికాల్, ఇంత పురికొస తెచ్చి అరుగు మీద పెట్టుకుని కూర్చోండి. పిలవకండి, వస్తే రానివ్వండి. మీ చేతులు వెనక్కి పెట్టుకుని 'చక్రం ఎక్కడ పెడదాం' అని అడగండి. పాప పైన పెట్టమంటే పైనే. అది నడవకపోతే తనే తీసి కింద పెడుతుంది, పెట్టకపోయినా ఏమీ కాదు. ఇరవై నిమిషాలకు లేచి పోతే ఆ రోజుకు అంతే. మోటారు అక్కర్లేదు, తాడు కట్టి లాగితే చాలు. నిజం ప్రజ్ఞాన్ వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరే, మీ వరండా మూడు మీటర్లు ఉందనుకుంటే అది దాటడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇది పాపకు చెప్పి, అంత మెల్లగా లాగగలదేమో పందెం వేయండి. చాలా కష్టం, చేసి చూడండి.

ఇంకో కథ కూడా ఉంది మీ దగ్గర, జరిగిన కథే. చంద్రుడి మీద దిగిన నాలుగు రోజులకు, 2023 ఆగస్టు 27న, ప్రజ్ఞాన్ పోతుంటే మూడు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల వెడల్పున్న గుంత కనబడింది. ఇక్కడ భూమి మీద ఉన్న ఇస్రో వాళ్లు వచ్చిన దారిలోనే వెనక్కి మళ్లమన్నారు, అది మళ్లి ఇంకో దారి పట్టుకుంది. ఈ కథ చెప్పి ముగ్గుపిండి పాప చేతికివ్వండి, గుంత ఎక్కడుందో తనే గీస్తుంది. ఇస్రో తనే, 'ఆగు, వెనక్కి తిరుగు' అనేది తనే, మీరు రోవర్‌ను లాగేవాళ్లు. మీరు ఆ మాట వినండి.

ఆ ఆట నాలుగైదుసార్లు నడిచాక 'డాడీ, ఇది దానంతటదే పోదా' అని పాప అడిగితే, పాప అడిగితేనే, ఒక్క గేర్ మోటారు, రెండు పెన్సిల్ సెల్లులు, ఒక సెల్ హోల్డర్ తీయండి. మూడు వోల్టులతో అది తిరుగుతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఎర్ర వైరు, నల్ల వైరు మోటారుకు పాపనే తాకించనివ్వండి. చక్రం ముందుకు తిరుగుతుంది. రెండు వైర్లూ అటుదిటు మార్చి తాకిస్తే వెనక్కి తిరుగుతుంది, ఆ సంగతి మాత్రం మీరు నోరు విప్పి చెప్పొద్దు, ఎంత ఆగలేకపోయినా చెప్పొద్దు. ఏదో ఒకసారి వైర్లు పొరపాటున తారుమారై చక్రం వెనక్కి తిరిగినప్పుడు పాప ముఖం చూడండి. ఆ రోజు కొట్టించుకున్న చెయ్యి మళ్లీ వైరు పట్టుకోవాలి, అది మీ పక్కన కూర్చుని పట్టుకోవాలి, నాకు కావలసింది అదే.

మీ ఆవిడ గురించి ఒక్క వాక్యమే రాశారంటే వింతగా ఉంది. ముభావంగా ఉందన్నారు గానీ ఎందుకని అడిగినట్టు లేదు. 6 వేలు ఒక కారణం కావచ్చు, కానీ మూడు నెలల రాత్రులు అంతకంటే పెద్దవి. మిల్లు నుంచి వచ్చి తిని రోవర్ ముందు కూర్చునే మనిషితో తను ఏ విషయం ఎప్పుడు మాట్లాడాలి? రోవర్‌కు వారంలో రెండు రాత్రులు పెట్టుకోండి, ఏవో తననే చెప్పమనండి. మీ అమ్మగారితో వాదన వద్దు. పాప తాడు పట్టుకుని లాగేటప్పుడు ఆమెనూ అరుగు మీద కూర్చోబెట్టి ముగ్గు గుంత సరిచేయమనండి, ముగ్గు దగ్గర ఆమెకు సాటి ఎవరూ ఉండరు.

ఇక స్కూలు. రేపే టీచర్‌కు చెప్పండి, పెద్ద రోవర్ నేను చేసింది, పాపది కాదు, పేరు తీసేయండి అని. ఆమె ఏమైనా అనుకుంటుందని జంకొద్దు, పెద్దవాళ్లు చేసిన మోడల్ పట్టుకుని అర్థం కాని మాటలు బట్టీపట్టి చెప్పే పిల్లలను ఆమె ఏటా చూస్తూనే ఉంటుంది. 23 నాటికి పాప చెప్పుల డబ్బా బండి తీసుకెళ్తానంటే పంపండి, మూత ఊడిపోతుంటే ఊడిపోనివ్వండి. తీసుకెళ్లనంటే ఇంట్లోనే ఉంచండి. ఆ ఆదివారం కంటే ముందు పాపను ఫ్యాన్సీ షాపుకు తీసుకెళ్లి బొట్టుబిళ్లల షీటు ఒకటి కొనివ్వండి, రంగు తననే ఎంచుకోనివ్వండి, ఎక్కడ అంటిస్తావని మాత్రం అడగకండి.