నల్లా తిప్పే కోతి పనిముట్టు వాడినట్టేనా?

హనుమకొండ పక్క ఊళ్లో కోతులు నల్లా తిప్పి నీళ్లు తాగుతున్నాయి, గడియ తీసి వంటింట్లోకి వస్తున్నాయి, రేపు రాళ్లు పట్టుకుని తలుపులు పగలగొడతాయా అని అడిగారు. ఆ భయం అక్కర్లేదు. నల్లా తిప్పడం తెలివే గానీ పనిముట్టు వాడకం కాదు. విడిగా ఉన్న వస్తువును చేతబట్టి, దాంతో ఇంకోదాని మీద పని చేస్తేనే ఆ మాట అంటారు. బ్రెజిల్‌లో కపుచిన్ కోతులు కిలో బరువున్న రాయెత్తి గట్టి గింజలు కొట్టుకుంటాయి. థాయిలాండ్ తీరంలో పొడవుతోక కోతులు రాయితో ఆల్చిప్పలు పగలగొడతాయి. అక్కడి పెంకులు పంటికి లొంగవు. మన మక్కకంకి, జామకాయ, చింతకాయ, పల్లికాయకు పళ్లే చాలు, రాయితో పనేముంది?

మీవి ఏ కోతులో చూసుకోండి. నెత్తిన వెంట్రుకలు సుడి తిరిగి టోపీలా ఉండి తోక పొడవుగా ఉంటే టోపీ కోతి. తోక పొట్టిగా, నడుము వెనక ఎర్రగోధుమ రంగుంటే రీసస్. ఇది గోదావరి దాటి దక్షిణానికి దిగుతూ టోపీ కోతుల్ని పక్కకు నెడుతోంది. కొండెంగ వేరే జాతి, దానికి బుగ్గసంచి ఉండదు. టోపీ కోతికీ, రీసస్‌కూ ఉంటుంది. అందుకే దొరికినంత బుగ్గల్లో కుక్కుకుని చెట్టెక్కి తీరిగ్గా నములుతాయి. లోపలికొచ్చాక తరమడమంటే ఆలస్యమైనట్టే.

మిద్దె మీది ట్యాంకు మూతపై రాయి పెట్టకండి. కోతి దాన్ని నెడితే కింద ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. మూతకు, అంచుకు రెండు వైపులా రంధ్రాలు చేసి బైండింగ్ తీగ బిగించండి. బయటి నల్లాకు పిడి తీసి లోపల పెట్టుకోండి. గడియ కంతలో చిన్న తాళం వేయండి, తీగను వదులుగా ముడేస్తే మాత్రం అవి విప్పేస్తాయి.

చేనుకైతే కంకి పాలు పోసుకున్నప్పటి నుంచే కాపలా కావాలి, అదీ తెల్లవారుజాము నుంచే. పులిబొమ్మ ఒకేచోట నిలబెడితే కొన్నాళ్లకే దాని పక్కనే కూర్చుంటాయి. రోజూ చోటు మార్చాలి. సోలార్ కంచె వేసినా చాలామంది తప్పు చేసేది ఒకచోటే: తీగలన్నింటికీ కరెంటు పెడతారు. కోతి నేలను తాకకుండా ఎగిరి తీగ పట్టుకుంటే షాక్ ఉండదు. ఒక తీగ కరెంటు, తర్వాతది ఎర్త్, అలా మార్చి మార్చి, జానెడు కంటే తక్కువ ఎడంతో కట్టాలి. కంచెపై వాలే కొమ్మల్ని కొట్టేయాలి, లేకపోతే డబ్బు దండగ. ఇంటి కరెంటు నేరుగా తగిలిస్తే మనుషులే పోతారు, అది నేరం కూడా.

ఎదురుపడితే కళ్లలోకి చూడకండి, పళ్లు కనబడేలా నవ్వకండి. నోరు తెరిచి, చెవులు వెనక్కి లాగి గుడ్లురిమితే బెదిరిస్తోందని అర్థం. వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి. చేతిలోది లాక్కుంటే వదిలేయండి, దానికి బదులు అరటిపండు మాత్రం ఇవ్వకండి. బాలిలో ఉలువటు గుడి కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు ఎత్తుకుపోయి తిండి ఇస్తేనే వదలడం నేర్చుకున్నది ఇలాంటి బేరాలతోనే. కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లండి. పసుపు, సున్నం పూసి కట్టు కట్టుకోవడం మన దగ్గర ఇంకా ఉంది, అది వద్దు.