రెండే కుట్లు వచ్చినవారు పూలు, పల్లె దృశ్యాలు కుట్టగలరా?

రన్నింగ్ కుట్టు (సూదిని పైకీ కిందికీ తీస్తూ వరసగా ముందుకు పోయేది), గొలుసు కుట్టు తప్ప మరేవీ రావనీ, బొమ్మలు గీయడం అసలే రాదనీ రాశారు. హాల్లో తగిలించడానికి పూలతో ఒకటి, పల్లె దృశ్యంతో ఒకటి చేత్తో కుట్టుకోవాలని మీ కోరిక. ఇంకా ఎన్ని కుట్లు నేర్చుకోవాలి, మగ్గం వర్క్ క్లాసులో చేరాలా, ఉతికితే దారం రంగు దిగుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

మగ్గం సంగతి ముందు తేల్చేద్దాం. అక్కరలేదు. కొక్కెం సూదితో, చట్రానికి బిగించిన గుడ్డ మీద, జాకెట్టు మెడలకూ చేతులకూ పూసలూ జరీ కుట్టే ఆ పని వేరే విద్య. మీకు కావలసింది మామూలు సూది, నూలు దారం, కాస్త ఓపిక. దిండు గలీబుల మీద చిలకలు కుట్టడంతో చిన్నప్పుడు మొదలైన అలవాటు నాది. మా ఇంటి గోడలు నిండిపోయాక చుట్టాల గోడల మీద పడ్డాను. ఇన్నేళ్లలో నేను కుట్టిన వాటిలో చూసినవారు ఆగి చూసేవన్నీ నాలుగైదు రకాల కుట్లతో అయినవే.

ఆ నాలుగైదూ మీకు ఇప్పటికే చాలావరకు వచ్చు. గొలుసులో ఒక్క లంకె వేసి, దాని కొసను చిన్న కుట్టుతో పట్టి ఆపేస్తే అదే లేజీ డైజీ, ఒక పూరేక. ఆ లంకె మొదలును మూయకుండా విచ్చినట్టు వదిలితే ఫ్లై కుట్టు, అంటే రెండు చిన్న రెమ్మలున్న కొమ్మ. ఆ ఫ్లై కుట్లనే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మారుస్తూ కిందికి దిగితే ఫెదర్ కుట్టు, ఒక తీగ. ఇక రన్నింగ్ కుట్టులా ముందుకు పోతూనే, ప్రతి కుట్టుకూ సగం వెనక్కి వచ్చి సూదిని పైకి తీస్తే కాడ కుట్టు. అందులో దారం ఎప్పుడూ గీతకు ఒకే పక్కన ఉండాలి. ఒకసారి పైన, ఒకసారి కింద ఉంటే మెలిక విరిగిపోతుంది.

కొత్తగా నేర్చుకోవలసింది ఫ్రెంచి ముడి ఒక్కటే. సూదిని పైకి తీసి, దారాన్ని సూదికి ఒకటి రెండు చుట్లు చుట్టి, వచ్చిన చోటుకు గుడ్డ నేతలో ఒక పోగంత పక్కన తిరిగి దింపాలి. అదే రంధ్రంలో దింపితే ముడి గుడ్డ వెనక్కి జారిపోతుంది. సూది దిగిపోయేదాకా ఎడమ చేత్తో దారాన్ని బిగువుగా పట్టుకోవడంలోనే పనంతా ఉంది. ఒక సాయంత్రం పాత గుడ్డ మీద కూర్చుంటే పట్టుబడుతుంది.

ఇంత తక్కువతో దృశ్యం నిలుస్తుందా అని అనుమానం వస్తే బెంగాలు కాంథాలను చూడండి. పాత చీరలూ ధోవతులూ పొరలుగా వేసి, ముఖ్యంగా రన్నింగ్ కుట్టుతోనే తామరలు, చెట్లు, చేపలు, పడవలు తీర్చారు. ఫ్రాన్సులోని బాయూ పట్టణానికి చెందిన 11వ శతాబ్దపు ఎంబ్రాయిడరీ పట్టీ ఒకటి ఉంది, పొడవు దాదాపు 70 మీటర్లు. గుర్రాలు, ఓడలు, చెట్లు, యుద్ధం అన్నీ ఉన్న ఆ పట్టీలో ప్రధానంగా కనిపించేవి రెండు పద్ధతులే: గీతలకు కాడ కుట్టు, లోపల నింపడానికి ఉన్ని దారాన్ని పరిచి అడ్డకుట్లతో పట్టి ఉంచడం.

మరి కొందరి పని బొమ్మలా, కొందరి పని అచ్చు వేసినట్టు చదునుగా ఎందుకు ఉంటుంది? నా ఉద్దేశంలో తేడా అంతా పోగుల లెక్కలో ఉంది. మనకు దొరికే యాంకర్ నూలు లచ్చిలో 8 మీటర్ల దారం, ఆ దారంలో ఆరు పోగులు ఉంటాయి. చాలామంది మొత్తం గుడ్డంతా రెండేసి పోగులతోనో మూడేసి పోగులతోనో కుడతారు. అలా చేస్తే దూరపు కొండా దగ్గరి గడ్డిపరకా ఒకే వరసలో నిలబడతాయి. దూరంగా ఉన్నదానికి ఒక్క పోగు, మధ్యలో ఉన్నదానికి రెండు, కాళ్ల దగ్గర ఉన్నట్టు కనిపించాల్సిన వాటికి మూడు నుంచి ఆరు. రంగు కూడా అంతే: దూరం పోయేకొద్దీ వెలిసి, కొంచెం నీలి బూడిద వైపు తిరగాలి, దగ్గరికి వచ్చేకొద్దీ ముదరాలి. ఈ రెండూ పాటిస్తే ఉత్త రన్నింగ్ కుట్టుతోనే లోతు వస్తుంది.

మా అక్క గృహప్రవేశానికి కోనసీమ కాలువ గట్టు ఒకటి కుట్టి ఇచ్చాను. మీరూ అలాంటిదే అనుకుంటున్నారు కాబట్టి అది ఎలా కట్టానో చెబుతాను. ఆకాశం కుట్టలేదు. లేత నీలం పాప్లిన్ తీసుకుంటే ఆకాశం గుడ్డలోనే ఉంది. దాన్ని దారంతో నింపాలనుకునేవారు సగంలో విసిగి పెట్టెలో పడేస్తారు, అలాంటివి చాలా చూశాను. అవతలి గట్టు చెట్లకు ఒక్క పోగు బూడిదాకుపచ్చతో పొట్టి కుట్లు, అంతకన్నా వివరం లేదు. వాటి ముందు వరి చేను. దూరపు మడులు అడ్డంగా రన్నింగ్ కుట్టు వరసలు, దగ్గరి మడి నిలువు కుట్లు. నారుమడి కావాలంటే చిలకపచ్చ, కోతకు వచ్చిన చేను కావాలంటే పసుపులో కొంచెం గోధుమరంగు. నీళ్లకు తెల్లటి ఒక్క పోగుతో అడ్డంగా అక్కడక్కడ తెగిన గీతలు చాలు, ఎంత తక్కువ కుడితే అంత నీరులా ఉంటుంది.

కొబ్బరిచెట్టు మానును కాడ కుట్టు వరసలతో, కాలువ మీదికి కొంచెం వంచి కుట్టాను. నిటారుగా నిలబెడితే కరెంటు స్తంభమే. మట్టకు విల్లులా వంగిన కాడ కుట్టు గీత ఒకటి, దానికి రెండు వైపులా కిందికి వాలిన ఏటవాలు కుట్లు. తాటిచెట్టు ఇంకా సులువు. ఒక బిందువు దగ్గర మొదలుపెట్టి విసనకర్రలా విచ్చుకునే పొడుగు కుట్లు వేస్తే ఒక ఆకు అయినట్టే. కింద ఎండి వేలాడే ఆకులు రెండు మట్టిరంగులో తగిలించండి, అప్పుడే అది తాటిచెట్టు అవుతుంది. నీడలకు నలుపు వాడకండి, ముదురు ఆకుపచ్చో ముదురు గోధుమో చాలు. నల్ల గీత చుట్టూ పడితే ఏ చెట్టయినా పిల్లల రంగుల పుస్తకంలోంచి కత్తిరించినట్టు ఉంటుంది.

పూల దగ్గర నాదొక పట్టుదల ఉంది. బజారులో దొరికే అచ్చు డిజైన్లలో ఎప్పుడూ అవే గులాబీలు, పొగగొట్టం ఉన్న పెంకుటిల్లు. మన పెరట్లో పూసేవి వదిలేసి మనకెందుకవి? పైగా మన పూలకు ఏ కుట్టు కావాలో వాటిని చూస్తేనే తెలిసిపోతుంది. తుమ్మ పూలు పసుపు బంతులు, గుండ్రంగా కిక్కిరిసిన ఫ్రెంచి ముళ్లు వేస్తే సరి. కొమ్మ మీద జతజతలుగా ఉండే, గుచ్చుకునే తెల్లటి ముళ్లకు నిలువు కుట్లు. పారిజాతానికి ఆరేడు తెల్లని లేజీ డైజీ రేకులు, నడుమ నారింజ ముడి ఒకటి. తెల్ల గుడ్డ మీద అది కనపడదు, లేత ఆకుపచ్చ గుడ్డ మీద వేయండి. నందివర్ధనానికి అయిదు రేకులు, అన్నీ ఒకే దిక్కుకు కొంచెం పక్కకు వాలాలి, లేకపోతే ఏదో తెల్లపువ్వు అవుతుంది గాని నందివర్ధనం కాదు. కాగితం పూలలో మనం రేకులనుకునేవి మూడు రంగు ఆకులు, అసలు పువ్వులు వాటి నడుమ ఉండే చిన్న తెల్లనివి. కాబట్టి మూడు వెడల్పాటి లేజీ డైజీలు, మధ్యలో తెల్ల ముడి. బంతిపువ్వుకు మీ గొలుసు కుట్టే చాలు: అంచు నుంచి లోపలికి సుడి తిప్పుతూ పసుపుతో మొదలుపెట్టి నారింజతో ముగించండి.

బతుకమ్మ పూలు నాకు అన్నిటికంటే ఇష్టం. తంగేడు అయిదు రేకుల పసుపు పువ్వు. ఆకు మాత్రం ఓపిక అడుగుతుంది: ఒక ఈనెకు అటూ ఇటూ జతలుగా చిన్న చిన్న ఆకులు, అన్నీ లేజీ డైజీలే, ఒక పోగుతో కుడితే నాజూకుగా వస్తాయి. గునుగు కంకి కింద వెండి తెలుపు, కొసకు పోయేకొద్దీ గులాబీ రంగు. రెండు రంగుల పొట్టి కుట్లను మధ్యలో కలగలిసేలా పైకి పేర్చుకుంటూ వెళ్లాలి. రెండు రంగులూ కలిసే చోట చెరొక పోగు తీసి ఒకే సూదిలో ఎక్కిస్తే అతుకు కనపడదు. ఈ చిట్కా సంధ్యాకాంతికీ, పండుటాకులకూ కూడా పనికొస్తుంది.

మందారం, తామర మాత్రం ఇప్పుడే వద్దు. నున్నటి పెద్ద రేకును నింపాలంటే పొడుగు పొట్టి కుట్లు కలిపి రంగు మార్చే నేర్పు కావాలి. మరీ మనసైతే రేకు అంచులు మాత్రం కాడ కుట్టుతో గీసి లోపల ఖాళీగా వదిలేయండి, అదీ బాగుంటుంది.

బొమ్మ గీయడం రాదన్నారు కదా. ఫోనులో మీ ఊరి ఫొటో తీసి కాగితం మీద అచ్చు వేయించండి. దాని మీద బటర్ పేపరు పరిచి ఏడెనిమిది గీతలు మాత్రం ఎక్కించుకోండి: గట్టు, నీటి అంచు, మాను వంపు, అంతే. ఆకులూ పూరేకులూ గీయనక్కరలేదు, అవి సూదితోనే వస్తాయి. లేతరంగు గుడ్డయితే పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి పెన్సిలుతో గీయవచ్చు. ముదురు గుడ్డకు పసుపు కార్బన్ కాగితం. వేడి తగిలితే చెరిగిపోయే పెన్నులతో ఒక చిక్కుంది: గట్టి చలిలో ఆ గీతలు మళ్లీ తేలతాయి. మంచు కురిసే దేశంలో ఉన్న పిల్లలకు పంపే వస్తువైతే అవి వాడకపోవడమే మేలు. నీళ్లతో పోయే నీలం పెన్ను మంచిదే గాని, గీతలు కడిగేదాకా ఇస్త్రీ చేయకూడదు, వేడికి అవి అంటుకుపోతాయి.

సామాను గురించి ఎక్కువ చెప్పేది లేదు. మ్యాచింగ్ సెంటర్లో పాప్లిన్ గాని కాస్త మందమైన కేస్‌మెంట్ గుడ్డ గాని తీసుకుని, గంజి పోయేలా ఉతికి ఆరేసి మొదలుపెట్టండి. సూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. ఒకటి రెండు పోగులకు 9 నంబరు, మూడింటికి 7, ఆరింటికి 5 సరిపోతాయి. దారం మూరెడు మించి తీయకండి, బారెడు తీసినవారికి చిక్కులు విప్పడమే పని. పోగులు కలిపి లాగకుండా ఒక్కొక్కటే విడదీసి మళ్లీ జత చేస్తే కుట్టు నున్నగా పరుచుకుంటుంది. పట్టులా మెరిసే రేయాన్ దారాలు చేతిలో జారి సతాయిస్తాయి, మొదట నూలే మేలు. కుట్టేటప్పుడు గుడ్డను బిగించే గుండ్రటి రింగులో గుడ్డ డప్పులా మోగేంత బిగువుగా ఉండాలి, పని ఆపినప్పుడు రింగు తీసేయాలి. ఫ్రెంచి ముళ్లన్నీ చివరికి ఉంచుకోండి, కుట్టిన ముళ్ల మీద రింగు బిగిస్తే నలిగిపోతాయి. వెనక వైపు ఒక పువ్వు నుంచి దూరంగా ఉన్న మరో పువ్వుకు ముదురు దారం లాక్కెళ్లకండి, లేత గుడ్డలోంచి అది నీడలా కనిపిస్తుంది.

ఇక రంగు దిగడం. మంచి నూలు దారాల్లో చాలావరకు దిగవు, కాని ఎరుపునూ ముదురు నీలాన్నీ నేను నమ్మను. కుట్టే ముందే మూరెడు దారాన్ని తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడండి. మరక పడితే ఆ లచ్చిని గోడకు తగిలించే వాటికి ఉంచుకోండి, ఉతికే వాటికి వాడకండి. పూర్తయిన దాన్ని చల్లటి నీళ్లలో, కొద్దిగా సబ్బుతో, రుద్దకుండా ముంచి తీయాలి. అప్పటికీ రంగు దిగడం కనిపిస్తే ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. నీళ్లు తేటగా వచ్చేదాకా కుళాయి కింద పట్టుకోండి. తడిగా ఉండగా పోయే రంగు ఆరాక పోదు. తర్వాత మందపాటి తువ్వాలు మీద బోర్లా పరిచి, వెనక నుంచి ఇస్త్రీ చేస్తే ముళ్లూ రేకులూ అణగకుండా ఉంటాయి. ఫ్రేము కట్టించేటప్పుడు గుడ్డను అట్టకు జిగురుతో అంటించనివ్వకండి, కొన్నేళ్లకు పసుపు మరకలు తేలతాయి. అంచులు వెనక్కి మడిచి, అటూ ఇటూ దారంతో లాగి కట్టమని చెప్పండి.